సీసాల ఫ్రిజ్‌లో మందు డబ్బా

మే 4, సోమవారం

ఫ్రిజ్ మళ్లీ మొండికేసింది. వంటింట్లో ఉన్న పెద్దది కాదు, హాల్లో ఉన్న నాది. అద్దం తలుపు, లోపల లైటు, నిండా కూల్‌డ్రింకులు, సోడాలు. కింది అరలో రెండు బీరు సీసాలు ఉన్నాయి, వాటిని అమ్మ చూడనట్టు నటిస్తుంది. పొద్దున్నే నిమ్మసోడా తీసి ఒక గుక్క తాగితే కషాయం తాగినట్టుంది. ఈ డబ్బాకు కరెంటు దండగ అంటుంది మా ఆవిడ కల్పలత. తను రోజంతా బ్యాంకులో ఏసీ కింద కూర్చుంటుంది కాబట్టి ఏమైనా అంటుంది.

నాకు పగలూ రాత్రీ ఈ హాలే. మెట్టుగూడలో మా రైల్వే ఆఫీసు మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నాను. కాలికి సిమెంటు కట్టు. సోఫాలో కాలు చాపుకుని ఎదురుగా ఉన్న ఫ్రిజ్‌ను చూడటమే ఇప్పుడు నా ఉద్యోగం.

"అది నీకు రెండో కూతురు నాన్నా," అంటుంది నీహారిక.

"పెద్ద కూతురి కంటే బుద్ధిమంతురాలు," అన్నాను.

"చల్లబడదు కదా, అచ్చం నీలాగే," అంది. పన్నెండేళ్లకే అంత నోరు.

ఆ నోరున్న పిల్లతోనే పని చేయించుకున్నాను. గోడకు ఆనుకుని ఉన్న ఫ్రిజ్‌ను ముందుకు లాగింది. వెనక జాలీకి దుమ్ము దుప్పటిలా పట్టి ఉంది. వేడి బయటికి పోకపోతే లోపల చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది? పాత టూత్‌బ్రష్‌తో గీకించాను. తుమ్ములే తుమ్ములు. సాయంత్రానికి సోడా గోరువెచ్చన నుంచి మామూలు నీళ్ల దాకా వచ్చింది. "దీనికంటే కుండ నయం రా చంద్రం," అంది అమ్మ.

మే 5, మంగళవారం

ఈ రోజు రబ్బరు మీద అనుమానం. తలుపు సందులో పేపరు ముక్క పెట్టి మూసి, లాగి చూశాను. పైన బిగుతుగా ఉంది. కింద సులువుగా జారి వచ్చేసింది. వేడినీళ్ల గుడ్డతో రబ్బరును మెత్తబరిచి సాగదీశాను. ఫ్రిజ్ ముందు కాళ్ల కింద అట్టముక్కలు పెట్టాను, ఇప్పుడు తలుపు దానంతట అదే మూసుకుంటోంది. గుర్రుమనే చప్పుడు కూడా పోయింది. చల్లదనం మాత్రం రాలేదు.

సీతాఫల్‌మండిలో మా బావమరిదికి తెలిసిన మెకానిక్ ఉన్నాడు, లక్ష్మణ్ అని. ఎల్లుండి వస్తానన్నాడు.

మే 6, బుధవారం

నీహారిక పెద్దమనిషి అయింది.

వేసవికి మా దగ్గరికి వచ్చిన అమ్మకు ఎక్కడ లేని ఓపికా వచ్చేసింది. భీమవరానికి ఫోన్లు, విజయవాడకు ఫోన్లు. పద్మారావు నగర్‌లో తాటాకు చాప దొరకలేదని మార్కెట్ దాకా ఆటోలో వెళ్లి తెచ్చింది. హాల్లో కిటికీ పక్క మూలలో చాప వేసి పిల్లను కూర్చోబెట్టింది. వేరే కంచం, వేరే గ్లాసు. తొమ్మిదో రోజు స్నానం, అప్పటిదాకా వంటింట్లోకి అడుగు పెట్టకూడదు.

"ఆ వంటింటి ఫ్రిజ్ అసలు ముట్టకూడదమ్మా. దేవుడి పాలూ పెరుగూ అందులోనే ఉంటాయి," అంది.

కల్పలతకు ఒళ్లు మండింది. "దాని ఇన్సులిన్ సుత గండ్లనే ఉంటది గద అత్తమ్మా. తిన్నప్పుడల్లా సూది ఏసుకోవాలె. అది లేకుంటె పోరి బతుకుతదా?"

"నేను మందు వద్దన్నానా? ఎవరో ఒకరు తీసి ఇవ్వండి."

"ఎవలు ఇస్తరు? నేను బ్యాంకుల ఉంట. దాని సూది పెన్ను మీరు ముట్టరు. ఈయనేమో లేచి నడువలేడు. నాలుగేండ్ల సంది ఆ జబ్బుతోని తక్లీఫ్ పడుతున్న పిల్ల. దానికి మీ మైల అడ్డమా?"

ఇద్దరూ నా వైపు చూశారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పద్దెనిమిదేళ్లుగా నా కాపురం ఇదే. నేను ఫ్రిజ్ వైపు చూశాను. సమాధానం కళ్ల ముందే ఉంది. ఇన్సులిన్ డబ్బా నా ఫ్రిజ్‌లో పెడితే సరి. అది హాల్లోనే ఉంది, అందులో దేవుడిది ఏమీ లేదు, పిల్ల చెయ్యి చాపితే అందుతుంది.

"అది సల్లగనే అయితలేదు గద," అంది కల్పలత.

"రేపు లక్ష్మణ్ వస్తాడు. ఈ ఒక్క రోజుకూ ఐసు గిన్నెలో పెడదాం. ఆ తర్వాత నాది పూచీ."

అమ్మకు మాట దక్కింది, కల్పలతకు మందు దక్కింది. నన్ను చూసి నాకే ముచ్చటేసింది. "నాన్న రైల్వేలో కాదు, ఐక్యరాజ్యసమితిలో ఉండాలి," అంది చాప మీద నుంచి నీహారిక.

మే 7, గురువారం

లక్ష్మణ్ వచ్చాడు. వెనక విప్పి చూసి నాలుక చప్పరించాడు.

"థర్మోస్టాట్ పోయింది సార్. దీన్ది ఇప్పుడు దొరకది. బాటిల్ కూలర్ది ఉంది నా కాడ, అదే ఏస్తున్న. ఇగ చూడుండ్రి, మస్తు కూలింగ్."

లోపలి మీటను మధ్యలో పెట్టి వెళ్లిపోయాడు. మధ్యలో ఎందుకు? కల్పలత సాయంత్రం వచ్చి చెయ్యి పెట్టి చూస్తుంది. అప్పటికి చల్లగా లేకపోతే మళ్లీ మొదటికి వస్తుంది గొడవ. చివరిదాకా తిప్పాను.

ఇన్సులిన్ డబ్బా పై అరలో, వెనక గోడకు ఆనించి పెట్టించాను. చూడ్డానికి వచ్చే ఆడవాళ్లు సీసాల కోసం చెయ్యి పెడితే తగలకుండా. కల్పలత వచ్చి చూసి ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే.

మే 8, శుక్రవారం

గెలిచాను. సోడాలో సన్నటి మంచు పలుకులు. ఎన్నాళ్లకు! పొద్దున్నే ఒకటి తాగితే పళ్లు జివ్వుమన్నాయి. ఒక సీసా పగిలి పై అరంతా గాజు పెంకులు, అయినా సంతోషమే.

నీహారిక తన పెన్ను పట్టుకుని కూర్చుంది. "నాన్నా, డబ్బా మీద మంచు పట్టింది. మందు రావట్లేదు, గట్టిగా ఉంది."

తీసుకుని రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దాను. చలికాలంలో కొబ్బరినూనె సీసాకు చేసినట్టే. కాసేపటికి కరిగింది. వెలుతురుకు పెట్టి చూశాను, నీళ్లలా తేటగా ఉంది. "ఇప్పుడు వస్తుంది చూడు," అని ఇచ్చాను. వచ్చింది. డబ్బాలో మిగతా పెన్నులు కూడా అలాగే ఉన్నాయి, వాటిని బయట పెడితే అవే కరిగాయి.

మొదట్లో క్లినిక్‌లో మందు గడ్డకట్టడం గురించి ఏదో చెప్పారు. ఎండ గురించి చెప్పారు, అది బాగా గుర్తుంది. చలి గురించి కల్పలత విన్నది, నేను అప్పుడు బిల్లు కౌంటర్ దగ్గర ఉన్నాను. అయినా ఒక పూట చలికి ఏమవుతుంది? మందు మందే.

మీటను మధ్యకు తిప్పేశాను. ఇప్పుడు లోపల అయిదు డిగ్రీలు. ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో రాసినట్టు ఉంది. కల్పలతకు చెప్పలేదు. చెబితే అది మళ్లీ అమ్మ మీదకు పోతుంది.

మే 9, శనివారం

ఫ్రిజ్ బ్రహ్మాండంగా ఉంది.

నీహారిక షుగర్ మూడు వందలు. ఇలాంటి సమయంలో ఒంట్లో మార్పులకు షుగర్ పెరుగుతుందని క్లినిక్ వాళ్లు ఎప్పుడో అన్నారు. ఫోన్ చేస్తే డోసు కొంచెం పెంచమన్నారు, వాంతులైతే వెంటనే తీసుకురమ్మన్నారు.

ఇంకో సంగతి కూడా ఉంది. వచ్చిన ప్రతి ఆడమనిషీ చిమ్మిలి తెస్తోంది. నువ్వులూ బెల్లమూ దంచి చేసిన ఉండలు. చిమ్మిలి తినకపోతే నడుం గట్టిపడదని అమ్మ నమ్మకం. ఒక్క ముక్క పెట్టినా ఊరుకోనని కల్పలత. కనీసం శాస్త్రానికి పక్కన ఉండాలని అమ్మ ఆ ఉండల డబ్బా పిల్ల చాప పక్కనే పెట్టింది. నేను మధ్యాహ్నం కునుకు తీస్తాను. మూత తీసి చూశాను. ముందు ఎన్ని ఉన్నాయో చూసుకోలేదు కాబట్టి ఎన్ని పోయాయో తెలియదు. పోయినట్టే అనిపించింది.

మే 10, ఆదివారం

నాలుగు వందలు దాటింది. కల్పలత డోసు ఇంకాస్త పెంచింది.

కల్పలత కింద కూరగాయలకు వెళ్లినప్పుడు అడిగాను. "నిజం చెప్పు. ఎన్ని తిన్నావు?"

"తినలేదు నాన్నా."

"మరి షుగర్ ఆకాశం నుంచి ఊడిపడిందా?"

"ఆ రోజు పెన్ను గట్టిపడింది కదా. అందువల్లేమో."

"మందును అనకు. నీ నోటిని అను."

గట్టిగానే అన్నాను. పూజగదిలోంచి అమ్మ తొంగి చూసింది. పిల్ల ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్లీ మంచినీళ్లు అడిగింది. పొద్దుటి నుంచి నీళ్లే నీళ్లు. మంచి చల్లటి నీళ్లు నా ఫ్రిజ్‌లోంచే తీసి ఇచ్చాను.

తిన్న పిల్ల తిన్నానని ఎందుకు చెబుతుంది? ఎవరి పిల్లయినా అంతే. నేనూ చిన్నప్పుడు అంతే.

మే 11, సోమవారం

వాంతులు. కల్పలత బ్యాంకుకు వెళ్లాక రెండుసార్లు. అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. వచ్చిన ఆడవాళ్ల కళ్లు పడ్డాయంది.

క్లినిక్ వాళ్లు చెప్పింది నాకు గుర్తుంది. కానీ స్నానం కాకుండా పిల్ల గడప దాటకూడదని అమ్మ. సాయంత్రం దాకా చూద్దామన్నాను. నిద్రలోనే ఊపిరి ఎగబోస్తున్నట్టు పీలుస్తోంది. నోటి దగ్గర మాగిపోయిన పండు వాసన. చిమ్మిలి వాసన ఇలా ఉండదు. అది నాకు తెలుసు.

కల్పలతకు ఫోన్ చేశాను. ఎందుకు ఆలస్యం చేశానో ఇక్కడ రాద్దామనుకున్నాను. కారణం ఏదీ రావడం లేదు.

మే 12, మంగళవారం. హాస్పిటల్

నిన్న కల్పలత బ్యాంకు నుంచి చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చింది. పిల్లను చూసి ఒక్క కేక పెట్టింది. "ఏందిది? పొద్దుగాల్నుంచి గిట్లనే ఉందా? మీరేం జేస్తున్నరు?" అమ్మ స్నానం మాట ఎత్తబోయింది. "ఆ మాట ఇంకోపాలి అన్నరంటే నేనేమంటనో నాకే తెల్వది అత్తమ్మా," అని పిల్లను భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. నేను కర్రతో కుంటుకుంటూ వెనకే దిగాను. ఆటోలో పిల్ల తల తన తల్లి ఒళ్లో, కాళ్లు నా సిమెంటు కట్టు మీద.

ఐసీయూలో రాత్రంతా ఏం జరిగిందో నాకు తెలియదు. లోపలికి రానివ్వలేదు. ఈ పొద్దున పిలిచారు. డాక్టర్ ప్రిసిల్లా చిన్న మనిషి, గొంతు మెల్లగా ఉంటుంది. పిల్ల కళ్లు మూసుకుని ఉంది. రెండు చేతులకూ గొట్టాలు.

"గండం గడిచినట్టే. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే దక్కేది కాదు," అంది డాక్టర్. "ఒక్క తీపి వల్లే ఇంత అవదు. ఇన్సులిన్ అసలు ఒంటికి అందనట్టే ఉంది. డోసులు మానేసిందా? మందు ఎండలో గానీ ఉందా? గడ్డ గానీ కట్టిందా? ఒకసారి గడ్డకడితే కరిగినా ఇక అది పనికిరాదు, నీళ్లతో సమానం."

కల్పలత నా వైపు తిరిగింది. "మీ ఫ్రిజ్‌ల గడ్డకట్టిందా?"

నా అరచేతుల్లో ఆ చలి మళ్లీ తగిలింది. నిజంగా తగిలింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

"లేదు. అయిదు డిగ్రీలే," అన్నాను.

అప్పుడు నీహారిక కళ్లు తెరిచింది. పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. నా వైపు చూసింది, తర్వాత డాక్టర్ వైపు.

"నేనే వేసుకోలేదు ఆంటీ. నొప్పిగా ఉందని. వేసుకున్నట్టు యాక్టింగ్ చేశాను."

"ఎన్ని రోజులు?"

"మూడు రోజులు. చిమ్మిలి కూడా తిన్నాను."

డాక్టర్ నన్ను అడిగింది, వేసుకునేటప్పుడు మీరు చూసేవారు కాదా అని. చూశాను. ప్రతిసారీ చూశాను. నాకు ఎదురుగా, చాప మీద కూర్చుని, చొక్కా అంచు ఎత్తి పొట్టకు పొడుచుకునేది. పెదవుల కదలిక కూడా చూశాను, పది దాకా లెక్కపెట్టి సూది తీసేది.

"ఒక్కోసారి కునుకు పడుతుంది డాక్టర్," అన్నాను.

కల్పలత మంచం కడ్డీ పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. "ఎందుకే? ఎందుకు జేసినవే గిట్ల? నేనేం తక్కువ జేసిన నీకు?" అని ఏడ్చింది. పిల్ల మళ్లీ కళ్లు మూసుకుంది.

మే 13, బుధవారం

ఇడ్లీ తింది. సగం.

మే 14, గురువారం

ఈ రోజు తొమ్మిదో రోజు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

బట్టల కోసమని ఇంటికి వచ్చాను. అమ్మ చాప చుట్టి అటక మీద పెట్టేసింది. చిమ్మిలి డబ్బా నా ముందు తెరిచింది. "నేను చేసిన పెద్ద ఉండలు అన్నీ అలాగే ఉన్నాయి రా. మరి పిల్ల ఏం తిన్నట్టు?" అంది. వచ్చినవాళ్లు తెచ్చినవి తిని ఉంటుందిలే అన్నాను.

"నేను ఆ వంటింటి ఫ్రిజ్ ముట్టనిచ్చి ఉంటే ఇదంతా..." అని ఏడ్చింది అమ్మ.

"నీ తప్పేం లేదమ్మా. అది సూదులు మానేసింది," అన్నాను. ఓదార్చడానికి అన్నాను. ఆమె పమిటతో కళ్లు తుడుచుకుని, పిల్లకు అంత మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందోనంది. మా అత్తగారింటి వైపు నుంచే వచ్చి ఉంటుందంది.

పాత పెన్నులన్నీ తీసి చెత్తలో పారేశాను. మందుల షాపు నుంచి కొత్తవి తెచ్చి వంటింటి ఫ్రిజ్‌లో, దేవుడి పెరుగు పక్కనే పెట్టాను. అమ్మ చూసింది, ఒక్క మాట అనలేదు. ఆ రోజే ఇలా చేసి ఉంటే ఆ రోజు కూడా అనేది కాదేమో. నేను గట్టిగా ఒక్కసారి చెప్పి చూడలేదు.

కొత్తవి పెట్టాను కదా. ఇక పిల్లకు ప్రమాదం లేదు. ముఖ్యమైనది అదే. ఎవరు ఏం చేశారన్నది ఇప్పుడు తవ్వుకుంటే ఎవరికి లాభం? చెబితే కల్పలత ఇంట్లో ఉండదు. అమ్మ ఇంక ఇక్కడికి రాదు. ఇంట్లో అందరి కోసమే ఊరుకున్నాను.

నా కోసమే.

మే 16, శనివారం

నిన్న ఇంటికి తీసుకొచ్చాం. షుగర్ చక్కగా ఉంది.

"చూసినవా? సక్కగ ఏసుకుంటె ఎట్ల ఉందో?" అంది కల్పలత.

"అవునమ్మా," అంది నీహారిక.

ఇంకమీదట సూది తల్లి ముందే వేసుకోవాలి. తల్లి ఇంట్లో లేనప్పుడు వీడియో కాల్‌లో చూపించాలి. జూన్‌లో స్కూలు వాళ్ల క్యాంపు ఉంది, పిల్ల ఏడాదిగా దాని కోసం ఎదురుచూస్తోంది. పంపేది లేదని కల్పలత చెప్పేసింది. "ఒక్కపాలి అబద్ధమాడిన పోరిని ఎట్ల నమ్మాలె?" అని నన్నే అడిగింది. నేను పేపరు తిరగేశాను. పిల్ల బతిమాలుతుందనుకున్నాను, పోట్లాడుతుందనుకున్నాను. సరేనంది. ఈ ఇంట్లో ఆ నోరు ఇంతవరకూ అంత తేలిగ్గా సరేననలేదు.

సాయంత్రం కల్పలత పాల కోసం కిందికి వెళ్లింది. అమ్మ దీపం పెడుతోంది. నీహారిక వంటింట్లోంచి పెన్ను తెచ్చుకుని నా పక్కన సోఫాలో కూర్చుంది. బాగా చిక్కిపోయింది. పెన్నును వెలుతురుకు పెట్టి చూసింది.

"కొత్తవి తెచ్చావా నాన్నా?"

"ఊఁ."

"పాతవి?"

"పారేశాను."

తల ఊపింది. పెన్ను ఒళ్లో పెట్టుకుని తల్లి రాక కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. నేను చెప్పాల్సింది అప్పుడే. హాల్లో ఇద్దరమే ఉన్నాం. నా కూతురు, నేను. "నువ్వు ఏ తప్పూ చేయలేదు, నాదే తప్పు, అమ్మ రాగానే చెప్పేస్తాను." అంతే. నోరు తెరిచాను కూడా.

"క్యాంపు వచ్చే ఏడాది వెళ్లొచ్చులే," అన్నాను.

నా వైపు తిరిగి కాసేపు చూసింది. పెద్దవాళ్లు చిన్నపిల్లలను చూసినట్టు చూసింది. తర్వాత నా చేతి మీద చెయ్యి వేసింది.

"నేను అమ్మకు చెప్పనులే నాన్నా. నువ్వు భయపడకు," అంది.

మెట్ల మీద కల్పలత చెప్పుల చప్పుడు వినిపించింది. పిల్ల చెయ్యి తీసేసి పెన్ను సరిచేసుకుంది. ఆ మాట విన్నప్పుడు నాకు మొదట కలిగింది సిగ్గు కాదు. గుండె మీది బరువు దిగింది. హాయిగా ఊపిరి వచ్చింది.